దిగుడు అప్పు, ఎక్కుడు వడ్డీ

"ఐదు కిలోమీటర్లే కదరా, గంటలో పోతాం."

ట్రెక్కింగ్‌కి పోదామని అనుకున్న రోజు మా వాట్సాప్ గ్రూపులో పడ్డ మొదటి మెసేజ్ ఇది. పెట్టింది నేనే. డిలీట్ చేద్దామంటే కుదరదు, మావోళ్లు స్క్రీన్‌షాట్ తీసి దాచుకున్నారు. ఎవడి పుట్టినరోజు వచ్చినా ముందు అదే బయటికొస్తుంది.

మాది మెదక్ దగ్గర కుల్చారం. నడక మాకు కొత్త కాదు. శివరాత్రికి ఏడుపాయల జాతరకు నడిచిపోయినోళ్లమే నలుగురమూ. ఇక గుట్ట అంటే మెదక్ ఖిల్లా. పైకెక్కి, దూరంగా చర్చి శిఖరం కనబడేటట్టు ఫొటో దిగి, పల్లీలు తిని కిందికి రావడం. అంతే మా కొండల అనుభవం. అన్నట్టు, కాళిదాసు కావ్యాలకు వ్యాఖ్యానాలు రాసిన మల్లినాథ సూరిది మా ఊరే అని మావాళ్లు గొప్పగా చెప్పుకుంటారు. హిమాలయం వర్ణనతో మొదలయ్యే కుమారసంభవానికీ ఆయన వ్యాఖ్యానం ఉంది. అంటే ఇంట్లో కూర్చుని కొండల గురించి మాట్లాడటం మాకు వారసత్వంగా వచ్చిందన్నమాట.

నలుగురిలో ఒకడు రోజూ జిమ్‌కి పోతాడు. వాణ్ని ఇక్కడ జిమ్మోడు అనే అంటా. ఇంకొకడు ఏటా అయ్యప్ప మాల వేస్తాడు, అందరూ స్వామి అనే పిలుస్తారు. కారు నడిపింది మా మేనబావ. నాలుగోవాణ్ని నేను. "మన నిజామాబాద్ జిల్లా పాకాల పిల్ల మాలావత్ పూర్ణ 2014లో పద్నాలుగేళ్లు కూడా నిండకముందే ఎవరెస్ట్ ఎక్కింది, మనకు సలేశ్వరం ఒక లెక్కా" అని జిమ్మోడు స్టేటస్ పెట్టాడు. ఆ అమ్మాయి భువనగిరి కొండ మీద ఎంత ట్రైనింగ్ చేశాక అక్కడిదాకా పోయిందో ఆ స్టేటస్‌లో లేదు.

సలేశ్వరం తెలియనివాళ్లకు రెండు ముక్కలు. హైదరాబాద్ నుంచి శ్రీశైలం పోయే రోడ్డులో మన్ననూరు దాటితే నల్లమల అసలు అడవి మొదలవుతుంది. అమ్రాబాద్ టైగర్ రిజర్వ్ ఇది. 2,611 చదరపు కిలోమీటర్లు. ఇందులోకి మామూలు రోజుల్లో మన ఇష్టమొచ్చినట్టు పోనివ్వరు. ఏడాదికోసారి, చైత్ర పౌర్ణమి చుట్టూ కొద్ది రోజులు మాత్రం లింగమయ్య జాతరకు దారి తెరుస్తారు. ఫరహాబాద్ దగ్గర మెయిన్ రోడ్డు వదిలి అడవిలోకి తిరిగి, రాంపూర్ పెంట దాకా బండిలో పోయి, అక్కడి నుంచి సుమారు ఐదు కిలోమీటర్లు నడవాలి. పెంట అంటే చెంచుల గూడెం. లింగమయ్యకు పూజలు చేసేదీ చెంచులే.

దీన్ని తెలంగాణ అమర్‌నాథ్ అని కూడా అంటారు. ఆ పేరే మమ్మల్ని మోసం చేసింది అనుకోండి. అమర్‌నాథ్‌కి ఎక్కుతూ పోవాలి. సలేశ్వరానికి దిగుతూ పోవాలి. లింగమయ్య ఉండేది కొండ మీద కాదు, రెండు గుట్టల మధ్య లోయ అడుగున, జలపాతం పక్కన ఉన్న గుహలో.

బయలుదేరేముందే స్వామి ఈ మాట చెప్పాడు. "శబరిమలల పోయేటప్పుడు ఎక్కుతం, దర్శనమైనంక దిగుతం. పానం సల్లగుంటది. ఇది ఉల్టా ఉందిరా." మేం నవ్వాం. "ఉల్టా అయితే ఇంకా మంచిదే కదా స్వామీ, పోయేటప్పుడు ఈజీ" అన్నాడు జిమ్మోడు.

అదే అసలు చిక్కు. మామూలు కొండ మీద అలిసిపోతే వెనక్కి తిరుగుతాం. తిరిగితే దారంతా దిగుడే. అంటే కొండ నీ దగ్గర ముందే పైసలు తీసుకుంటుంది. లోయ అట్లా కాదు, అప్పిస్తుంది. దిగుతున్నంతసేపూ నువ్వు అప్పు తీసుకుంటున్నావు. ఎంత తీసుకున్నావో తెలిసేది కింద నిలబడి పైకి చూసినప్పుడే. అమెరికాలో గ్రాండ్ కేనియన్ దగ్గర కూడా ఇదే తంటా. అక్కడ రేంజర్లు కొత్తవాళ్లకు చెప్పే లెక్క ఒకటుంది: దిగడానికి ఎంతసేపు పడితే ఎక్కడానికి దానికి రెట్టింపు పెట్టుకోండి అని. ఈ సంగతి నేను చదివింది తిరిగొచ్చి కాళ్లకు జండూబామ్ రాసుకుంటూ.

రాత్రి ఒంటిగంటకు కుల్చారంలో బయలుదేరాం. నిద్ర లేదు, కార్లో పాటలు, నర్సాపూర్ అడవి దాటగానే ఒక చాయ్, తుక్కుగూడ దాటాక ఇంకో చాయ్. రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు దాకా మన్ననూరు దగ్గర బండ్లను అడవిలోకి వదలరు కాబట్టి గేటు తెరిచే టైమ్‌కి అక్కడుండాలని ప్లాన్. ఉన్నాం కూడా. కాకపోతే మా ముందు కిలోమీటర్ లైన్ ఉంది. జాతర మరి. ఫరహాబాద్ దగ్గర ప్లాస్టిక్ చెకింగ్, తర్వాత మట్టి రోడ్డు, ఎదురుబండ్లు, దుమ్ము. రాంపూర్ పెంట దగ్గర కారు దిగేసరికి పది దాటింది.

మీరెప్పుడైనా పోతే ఇక్కడ ఆగి ఒక్క నిమిషం లెక్క వేసుకోండి. మేం వేసుకోలేదు. పదింటికి నడక మొదలుపెడితే కిందికి చేరేది పన్నెండుకు. ఒక గంట అక్కడ. అంటే ఎక్కుడు సరిగ్గా ఒంటిగంటకు, ఏప్రిల్ ఎండలో మొదలవుతుంది. దిగేటప్పుడు చల్లగా, ఎక్కేటప్పుడు నడినెత్తిన సూర్యుడు. ఇంతకంటే చెడ్డ టైమ్‌టేబుల్ కావాలని వేద్దామన్నా దొరకదు.

రీల్స్‌లో చూసిన అడవి వేరు. అది వానాకాలం అడవి, పచ్చగా, పొగమంచుతో ఉంటుంది. ఏప్రిల్‌లో నల్లమల గోధుమ రంగులో ఉంటుంది. ఎండాకాలం ఆకు రాల్చే అడవి ఇది. టేకు, మద్ది చెట్లు బోడిగా నిలబడి ఉంటాయి, కింద ఎండుటాకులు బూట్ల కింద అప్పడాల్లా విరుగుతాయి. నీడ ఉంటుందనుకుని టోపీలు కారులోనే పెట్టాం. చెట్లున్నాయి, నీడ లేదు. ఆ ఆకుల మీద ఒక్క బీడీ ముక్క పడితే చాలు, ఎంత దూరం అంటుకుంటుందో. అగ్గిపెట్టెలు ఎందుకు తీసుకుంటారో అక్కడ నిలబడితే ఎవరూ చెప్పకుండానే అర్థమవుతుంది.

కానీ దిగుడు మాత్రం భలే ఉంది, అబద్ధమెందుకు. ముసలివాళ్లు, చంకలో పిల్లలతో తల్లులు, చెప్పుల్లేకుండా నడిచేవాళ్లు, అందరూ ఒకటే పిలుపు: "వత్తన్నం వత్తన్నం లింగమయ్యో!" ముందు ఒకరు అంటే వెనక యాభై మంది అందుకుంటారు. లోయలో అది తిరిగి వినిపిస్తుంది. జిమ్మోడు బండల మీద దుంకుకుంట పోతున్నాడు, ఫోన్ ఒక చేతిలో. స్వామి చెప్పుల్లేకుండా, కర్ర పట్టుకుని, అందరికంటే వెనక. ప్రతి పది నిమిషాలకు మేం ఆగి వాడి కోసం చూడటం, వాడు రాగానే మళ్లీ ఉరకడం. అంటే మాకు రెస్ట్ దొరికింది, వాడికి దొరకలేదు. ఈ తప్పు కొత్తగా పోయే ప్రతి గ్యాంగూ చేస్తుందని తర్వాత తెలిసింది. వెనకవాడు వచ్చాక వాడు ఊపిరి తీసుకునేదాకా ఆగాలి.

దిగేటప్పుడు ఆయాసం రాదు. అందుకే కష్టం లేదనిపిస్తుంది. కానీ ప్రతి అడుగులో తొడ ముందు కండరం సాగుతూ, మన బరువును పట్టి ఆపే బ్రేక్‌లా పనిచేస్తూ ఉంటుంది. ఎక్కినప్పటి కంటే ఈ బ్రేక్ పనికే కండరానికి ఎక్కువ దెబ్బ. నొప్పి వెంటనే తెలియదు, మర్నాడో మూడోనాడో ముదురుతుంది. జిమ్‌లో బరువులు ఎత్తడం వేరు, రెండు గంటలపాటు తన బరువును తానే ఆపుకుంటూ దిగడం వేరు. పైగా బూటులో కాలు ముందుకు జారి బొటనవేలు అంచుకు కొట్టుకుంటూ ఉంటుంది. దిగేముందు చీలమండ దగ్గర లేసు బిగించుకోవాలని, ముందురోజు గోళ్లు తీసుకోవాలని నాకెవరూ చెప్పలేదు. నా ఎడమకాలి బొటనవేలి గోరు ఇప్పటికీ నల్లగానే ఉంది.

చివర్లో దారి సన్నబడుతుంది. ఒకవైపు గోడలా బండ, ఇంకోవైపు లోయ. పోయేవాళ్లు, వచ్చేవాళ్లు అదే దారిలో. 2023 ఏప్రిల్ జాతరలో ఈ రద్దీలోనే ముగ్గురు భక్తులు చనిపోయారు. ఆ వార్త చదివి కూడా మేం వచ్చాం, కానీ అక్కడ గోడకు వీపు ఆనించి ఎదుటివాళ్లకు దారిచ్చేటప్పుడు ఆ వార్తకు అర్థం వేరుగా తెలిసింది. నా ముందున్న ఒక అవ్వ నా చెయ్యి పట్టుకుని దాటింది. నేను ఆమెకు సాయం చేశానని అందరికీ చెప్పాను. నిజానికి పట్టు ఆమెదే గట్టిగా ఉంది.

కింద ఎండాకాలంలో కూడా నీళ్లు. చాలా ఎత్తు నుంచి సన్నటి ధారగా పడి గాలికి చెదిరి ముఖం మీద తుంపరలా వస్తాయి. అంత ఎండలో నుంచి వచ్చి ఆ గుండంలో కాళ్లు పెడితే, ఇక అక్కడే ఉండిపోవాలనిపిస్తుంది. దర్శనం చేసుకున్నాం. ఫొటోలు దిగాం. జిమ్మోడు ఏమీ తినలేదు, పులిహోర వద్దన్నాడు, కడుపు బరువైతే ఎక్కలేనని.

సరిగ్గా ఒంటిగంటకు ఎక్కడం మొదలుపెట్టాం. ఇప్పుడు పిలుపు మారింది, "పోయొస్తం లింగమయ్యో" అని. గొంతులు కూడా మారాయి. పొద్దున ఉన్న జోరు లేదు.

1892లో నైస్మిత్ అనే స్కాట్లాండ్ పర్వతారోహకుడు ఒక లెక్క చెప్పాడు. చదును నేల మీద ఐదు కిలోమీటర్లకు ఒక గంట, దాని మీద ప్రతి 600 మీటర్ల ఎత్తుకు ఇంకో గంట కలుపుకోవాలని. ఇప్పటికీ ట్రెక్కర్లు దాన్నే మొదటి అంచనాగా వాడతారు. అది కూడా అలవాటున్న కాళ్లకు, చల్లటి దేశంలో. నిద్రలేని కాళ్లకు, ఎండకు, రద్దీకి మనమే కలుపుకోవాలి. నా "గంటలో పోతాం" లెక్కలో వీటిలో ఏదీ లేదు. దూరం చూశాను, ఎత్తు చూడలేదు.

ఇప్పుడు నేను చెప్పాలనుకోని భాగం.

నీళ్ల సంచి నా దగ్గరుంది. అందులో రెండు సీసాలు, నాలుగు ఓఆర్ఎస్ ప్యాకెట్లు, గ్లూకోజ్ బిస్కెట్లు. సగం ఎక్కాక జిమ్మోడు స్లో అయ్యాడు. "మీరు నడువుండ్రి, వస్త" అన్నాడు. స్వామి వాడితో ఆగాడు. నేను, బావ నడిచాం. ఆరు లోపు బయటపడాలి కాబట్టి ముందుపోయి కారు తీసి రెడీగా పెడదామని బావతో అన్నాను. అది సాకు. నా కాళ్లు వణుకుతున్నాయి, ఒకసారి కూర్చుంటే మళ్లీ లేవనని భయం వేసింది. అందుకే పోయాను.

పైకి చేరి, ఒక చెట్టుకు ఆనుకుని, సంచి తెరిచి సగం సీసా తాగాక తట్టింది. ఆ సంచి నా దగ్గర ఎందుకుంది?

ఫోన్‌లో సిగ్నల్ లేదు. ఇరవై నిమిషాలు చూశాం. వచ్చేవాళ్లను అడిగితే "ఎవరో పిలగాడు పండుకొని ఉండు కింద" అన్నారు. బావను కారు దగ్గరకు పంపి నేను వెనక్కి దిగాను. తీర్చిన అప్పు మళ్లీ తీసుకున్నట్టు.

ఒక బండ పక్కన కాస్తంత నీడలో పడుకుని ఉన్నాడు జిమ్మోడు. ముఖం పాలిపోయి, ఒళ్లంతా చెమట, పిక్కలు పట్టేసి రాయిలా అయ్యాయి. అప్పటికే రెండుసార్లు కక్కాడట. స్వామి టవల్‌తో విసురుతున్నాడు. పక్కన ఒక చెంచు పెద్దాయన కూర్చుని ఉన్నాడు. వాడి బూట్లు విప్పించి, కాళ్లు ఒక రాయి మీదకి ఎత్తి పెట్టించి, తన డబ్బాలోని నీళ్లతో గుడ్డ తడిపి మెడ మీద వేసింది ఆయనే. నేను సంచి లోంచి సీసా తీసి వాడి నోటికి అందించబోతే చెయ్యి అడ్డం పెట్టాడు.

"గటగట తాగియ్యకు బిడ్డా, మల్ల కక్కుతడు. గుక్క గుక్క తాగియ్యి."

ప్యాకెట్ లీటర్ సీసాలో కలిపి, రెండు మూడు నిమిషాలకోసారి ఒక గుక్క పోశాం. పావుగంటకు వాడి కళ్లు తేటపడ్డాయి. అప్పుడు ఆ పెద్దాయన నా వైపు చూసి మామూలుగా అడిగాడు. తిట్టినట్టు కూడా లేదు.

"సంచి ఎవలి దగ్గరుండె?"

"నా దగ్గరే తాతా" అన్నాను. ఆయన ఇంకేం అనలేదు. డబ్బా తీసుకుని లేచి, ఇంకో గుంపు వైపు నడిచాడు. పేరు కూడా అడగలేదు మేం.

వాడికొచ్చింది ఎండకు నీరసించడం. చెమట ఎక్కువ, కళ్లు తిరగడం, వాంతి, కండరాలు పట్టడం దాని గుర్తులు. నీడ, తడిగుడ్డ, ఉప్పు చక్కెర కలిసిన నీళ్లతో తేరుకుంటారు. ఉత్త నీళ్లే లీటర్లకు లీటర్లు తాగితే చెమటలో పోయిన ఉప్పు తిరిగి రాదు, అదింకో ప్రమాదం. ప్యాకెట్ లేకపోతే లీటర్ నీళ్లలో ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు, టీ చెంచాతో తలగొట్టి. ఇంతకు ముదిరితే వడదెబ్బ. మనిషి సంబంధం లేని మాటలు మాట్లాడుతున్నా, తూలిపోతున్నా, ఒళ్లు కాలిపోతున్నా అప్పుడు గుక్క గుక్క వైద్యం పనికిరాదు. నీడకు తెచ్చి, ఒళ్లంతా తడిపి విసురుతూనే వైద్యసాయం కోసం ఉరకాలి. మేం ఆ గీతకు ఇవతలే ఉన్నాం. ఎంత ఇవతల అంటే, చెప్పలేను. తలుచుకుంటే ఇప్పటికీ కడుపులో ఏదోలా ఉంటుంది.

నాలుగింటి దాకా అక్కడే కూర్చున్నాం. ఎండ వాలి గుట్ట నీడ దారి మీద పడ్డాక కదిలాం. ఈసారి స్వామి ముందు, జిమ్మోడు వాడి వెనక, నేను చివర. యాభై అడుగులు, ఒక ఆగుడు. యాభై అడుగులు, ఒక గుక్క. పొద్దున మేం నవ్విన స్పీడ్ అది. దారిలో ఎవరో పుణ్యాత్ములు మజ్జిగ పోస్తుంటే ఉప్పు ఎక్కువ వేయించుకుని తాగాడు జిమ్మోడు. పైకొచ్చేసరికి బావ కారు పక్కన నిలబడి లేడు, రోడ్డు మీద అటూఇటూ తిరుగుతున్నాడు. మమ్మల్ని చూసి ఏమీ అనకుండా వెనక డోరు తెరిచాడు.

తిరుగు ప్రయాణంలో ఎవరూ పాటలు పెట్టలేదు. మన్ననూరు దాటాక సిగ్నల్ వచ్చి నలుగురి ఫోన్లూ ఒకేసారి మోగాయి. "పైలంగ ఉన్నరా" అని మా అమ్మ ఆరు మెసేజులు. ఉన్నామని పెట్టాను.

మూడో రోజు నాకు మెట్లు దిగడం రాలేదు, వెనక్కి తిరిగి దిగాను. జిమ్మోడు వారం దాకా జిమ్‌కి పోలేదు. నాతో బాగానే మాట్లాడాడు. సంచి సంగతి వాడూ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. పదో రోజు నేనే వాడింటికి పోయి చెప్పాను, కాలునొప్పి అబద్ధం, కారు అబద్ధం, భయమేసి పోయానని. వాడు కాసేపు ఫోన్ చూసుకుని, "తెలుసు లేరా" అన్నాడు. ఇంకేం అంటాడు.

ఇప్పుడు ఆదివారాలు పొద్దున్నే ఐదున్నరకు మెదక్ ఖిల్లాకు పోతున్నాం. ఎక్కడం ఒకసారి, దిగడం రెండుసార్లు. అంటే దిగి, మళ్లీ సగం ఎక్కి దిగడం, కాళ్లకు బ్రేక్ అలవాటు కావాలని. స్వామి ముందు నడుస్తాడు, వాడిని దాటితే ఫైన్ పదిరూపాయలు. వచ్చే చైత్ర పౌర్ణమికి మళ్లీ సలేశ్వరమే. ఈసారి ముందురోజే అచ్చంపేట చేరి నిద్రపోయి, గేటు తెరవగానే లైన్లో ముందుండి, పన్నెండు లోపు తిరిగి పైన ఉండాలని లెక్క. ఆ పెద్దాయన కనిపిస్తే పేరు అడగాలి.

నీళ్ల సంచి మాత్రం జిమ్మోడే మోస్తున్నాడు. నేను పట్టుకుంటానంటే ఇవ్వడు.